ఎవరికి డైటో ఎవరికి ఇన్సులినో చెప్పకుండా రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఇన్సులిన్ మానేసిన ఒక రైతు గురించి అర పేజీ కథనం వేశారు. ఫోటో బాగుంది, ఆయన మొహంలో సంతోషం బాగుంది. కొర్రన్నం, కూరలు, పొద్దున్నే పొలం గట్ల మీద నడక, ఏడాది తిరిగేసరికి ఒళ్లు తగ్గింది, సూదులు మానేశాడు. ఆయనకు మంచి జరిగినందుకు నాకూ సంతోషమే. కానీ ఆ కథనం మొత్తంలో ఆయనకున్నది ఏ రకం షుగరో లేదు, ఎన్నేళ్లుగా ఉందో లేదు, ఇన్సులిన్ ఎవరు చూసి తగ్గించారో లేదు, మానేశాక మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, ఎంతొచ్చిందో లేదు. సోమవారం పొద్దున్న నేను షాపు షట్టర్ ఎత్తేసరికి ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని ఒకాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన నాకు పాత ఖాతాదారు. పదిహేనేళ్లు దాటింది షుగర్ వచ్చి, ఎడమ కాలికి పుండు, అది మానక నెలల తరబడి కట్లు కట్టించుకుంటున్నాడు, రెండు పూటలా ఇన్సులిన్. "ఇదిగో చూడండి, పేపర్లోనే వేశారు, ఇక నాకీ సూదులొద్దు, ఈ వయల్ వెనక్కి తీసుకోండి" అని కౌంటర్ మీద పెట్టాడు. బయటికెళ్లిన ఇన్సులిన్ ఏ ఎండలో ఉండి వచ్చిందో తెలియదు కాబట్టి మేం వెనక్కి తీసుకోం, ఆ మాటే చెప్పి, కూర్చోబెట్టి, వాళ్ల అబ్బాయికి ఫోన్ చేశాను. పుండు మానాలంటే షుగర్ అదుపులో ఉండి తీరాలి, ఇప్పుడు ఆయన ఇన్సులిన్ ఆపడమంటే కాలి వేళ్లు వదులుకోవడానికి సిద్ధపడటమే. ఫోన్‌లో వీడియో చూసి మానేస్తానంటే ఇంట్లో పిల్లలు కోప్పడతారు, పేపర్లో పడిందంటే మాత్రం ఎవరూ ఎదురు చెప్పరు. మీ మాటకు ఇప్పటికీ అంత విలువ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

నేను డాక్టర్ని కాను. ఫార్మసీ చదివి తణుకులో మందుల షాపు నడుపుకుంటున్నాను. డాక్టర్ దగ్గర మూడు నిమిషాలు కూర్చునే మనిషి నా కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడతాడు, అక్కడ అడగలేనివన్నీ ఇక్కడ అడుగుతాడు. ఎవరు ఇన్సులిన్ క్రమంగా కొంటున్నారో, ఎవరు ఉన్నట్టుండి రావడం మానేశారో నాకు తెలిసిపోతుంది. రావడం మానేసినవాళ్లు బాగుపడ్డారనుకోవడానికి లేదు, కొందరు మళ్లీ ఐసీయూ చీటీతో వస్తారు.

మీ కథనం లాంటివాటిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది 'షుగర్' అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు జబ్బుల్ని కలిపేయడం. టైపు 1లో శరీరం తన క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని తానే చంపుకుంటుంది. ఎక్కువగా పిల్లల్లో, కుర్రాళ్లలో వస్తుంది, పెద్దవాళ్లలోనూ వస్తుంది. తిండి వల్ల వచ్చింది కాదు, తిండితో పోయేదీ కాదు. వాళ్లకు ఇన్సులిన్ అన్నంలాంటిది కూడా కాదు, అన్నం నాలుగు రోజులు మానినా మనిషి బతుకుతాడు, టైపు 1 పిల్లాడు ఇన్సులిన్ నాలుగు రోజులు మానితే బతకడం కష్టం. టైపు 2 వేరు, అక్కడ ఇన్సులిన్ ఉంటుంది కానీ ఒంట్లో పేరుకున్న కొవ్వు వల్ల సరిగా పనిచేయదు, ఏళ్లు గడిచేకొద్దీ తయారీ కూడా పడిపోతుంది. మన దగ్గర నూటికి తొంభై మందికి పైగా ఈ రెండో రకమే, కాబట్టి రాసేవాళ్ల మనసులోనూ చదివేవాళ్ల మనసులోనూ షుగరంటే అదే. ఆ మిగిలిన కొద్దిమంది ఇళ్లలోకి కూడా మీ పేపర్ వెళ్తుంది.

మా వీధి చివర టిఫిన్ బండి నడుపుకునే ఆవిడ కొడుకు ఎనిమిదో తరగతి, టైపు 1. రోజుకు నాలుగు సూదులు. బండి మూసి నెలాఖరుకు వయల్, సిరంజీలు పట్టుకెళ్లేది, ఒకసారి రాలేదు. వాళ్ల బంధువు ఒకాయన మంచి మనసుతోనే ఒక ప్రకృతి చికిత్స శిబిరానికి తీసుకెళ్లాడు, అక్కడ పండ్ల రసాలు, గోధుమ గడ్డి రసం, ఇన్సులిన్ పూర్తిగా బంద్. రెండో రోజు నుంచి వాంతులు, కడుపునొప్పి. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, మంచిదే అన్నారట. మూడో రోజుకు పిల్లాడు ఆయాసపడుతున్నట్టు లోతుగా ఊపిరి తీస్తున్నాడు, నోటి నుంచి మిగలముగ్గిన పండు వాసన, పిలిస్తే సరిగా పలకడం లేదు. ఆసుపత్రిలో చేర్చేసరికి కీటో అసిడోసిస్, అంటే ఇన్సులిన్ లేక ఒళ్లు చక్కెరను వాడుకోలేక కొవ్వును కాల్చేసుకుని, అందులోంచి పుట్టే కీటోన్లనే ఆమ్లాలతో రక్తం ఆమ్లంగా మారిపోయింది. ఐసీయూలో ఉంచి బతికించారు. తర్వాత వచ్చినప్పుడు ఆవిడ నాతో అన్న మాట, "అన్నయ్యా, వాంతులవుతుంటే తగ్గుతోందని సంబరపడ్డాను." ఆవిణ్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆ గుర్తులు ఎవరూ ఆవిడకు చెప్పలేదు. మీరు ఒక్కసారి ఆ గుర్తులు పేపర్లో వేసి ఉంటే ఎవరో ఒకరు చదివి చెప్పేవారేమో.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జ్వరమొచ్చి పిల్లాడు ఏమీ తినకపోతే 'తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకు' అని ఆపేసే తల్లులు ఉన్నారు. తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది, జ్వరంలో ఇంకా ఎక్కువ వదులుతుంది. డోసు మార్చాల్సి రావచ్చు, అది డాక్టర్‌తో మాట్లాడి మార్చాలి, టైపు 1లో పూర్తిగా ఆపడం అనేది మాత్రం లేదు.

డైట్ ఒక్కదానితో టైపు 1 షుగర్‌ను నెట్టుకురావడం ప్రపంచం చూడని ప్రయోగం కాదు. ఇన్సులిన్ లేని రోజుల్లో చేసిందదే. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టర్ పిల్లల్ని దాదాపు పస్తులుంచి కొన్ని నెలలో కొన్నేళ్లో ప్రాణం నిలబెట్టేవాడు, అప్పటికి అంతకు మించిన వైద్యం లేదు. ఆయన దగ్గరున్న ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి, అక్కడి విదేశాంగ మంత్రి కూతురు, 1919లో పదకొండేళ్లప్పుడు జబ్బు పడింది, 1922 ఆగస్టులో టొరంటో చేరేసరికి ఇరవై కిలోలుంది. అప్పటికి ఏడాది కిందటే బాంటింగ్, బెస్ట్ అక్కడ ఇన్సులిన్ కనిపెట్టారు, ఆ ఏడాది జనవరిలోనే లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి సూది పడింది. ఎలిజబెత్ ఇన్సులిన్ మొదలుపెట్టి, ఒళ్లు చేసి, చదువుకుని, పెళ్లి చేసుకుని, ముగ్గురు పిల్లల్ని కని 1981 దాకా బతికింది. కనిపెట్టినవాళ్లు దాని పేటెంట్‌ను టొరంటో యూనివర్సిటీకి ఒక్కో డాలర్‌కు ఇచ్చేశారు. ఈరోజు నా ఫ్రిజ్‌లో ఉన్న మామూలు హ్యూమన్ ఇన్సులిన్ వయల్ రెండు వందల లోపే. వందేళ్ల కింద తల్లిదండ్రులు ఆస్తులమ్మి అయినా సంపాదించాలనుకున్న మందు ఇప్పుడు చేతిలో ఉంటే, దాన్ని పారేయమని చెప్పేవాళ్లు మన ఊళ్లల్లో మైకు పట్టుకుని తిరుగుతున్నారు.

ఇది మన దగ్గరే ఉన్న పిచ్చి అని కూడా అనను. 2016లో ఇంగ్లండ్‌లో ఒళ్లు చరుచుకుంటే జబ్బులు పోతాయని చెప్పే ఒకాయన శిబిరానికి వెళ్లి 71 ఏళ్ల ఆవిడ ఇన్సులిన్ మానేసి ప్రాణం పోగొట్టుకుంది, ఆవిడది టైపు 1. ఆ శిబిరం నడిపినాయనకు 2024 డిసెంబర్‌లో పదేళ్ల జైలు పడింది. అక్కడ కోర్టు దాకా వెళ్లింది, ఇక్కడైతే 'ఆయుష్షు తీరింది' అనుకుని ఊరుకునేవాళ్లు.

ఇప్పటిదాకా చదివి నేను డైట్‌కు వ్యతిరేకిననుకోకండి, మందులు అమ్ముకునేవాడు ఇలాగే రాస్తాడని కూడా అనుకోకండి. టైపు 2లో తిండి మార్చుకుని, బరువు తగ్గి, మాత్రలు మొత్తం మానేసినవాళ్లను నా కళ్లతో చూశాను. ఆర్టీసీలో చేసే ఒక కండక్టర్ గారు, షుగర్ బయటపడి రెండేళ్లు, పొట్ట బాగా ఉండేది. డ్యూటీలో దొరికిన చోట పూరీ, బజ్జీ, నాలుగైదు టీలు. అవన్నీ మానేశారు, ఇంటి నుంచి క్యారేజీ, అందులో అన్నం సగానికి తగ్గి కూర రెండింతలైంది, గుడ్లు, శనగలు, మజ్జిగ. ఆయన చేసిన మంచి పని ఏంటంటే నెలనెలా షుగర్ చూపించుకుంటూ డాక్టర్ చేతనే మాత్రలు ఒక్కోటి తగ్గించుకున్నారు. ఇప్పుడు ఏ మందూ లేదు, మూడు నెలల సగటు 6 దాటడం లేదు. నాకు ఒక ఖాతా తగ్గింది, నా సంతోషం మాత్రం తగ్గలేదు.

దీనికి గట్టి రుజువే ఉంది. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైఖేల్ లీన్ అనే డాక్టర్లు డైరెక్ట్ అనే పరిశోధన చేశారు, 2017 చివర్లో మొదటి ఫలితాలొచ్చాయి. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 850 కేలరీల చుట్టుపక్కలే ఉండేలా తిండి కట్టడి చేసి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది చివర 46 శాతం మందికి మందులేమీ లేకుండా షుగర్ జబ్బు హద్దు కిందికి దిగింది, పదిహేను కిలోలకు పైగా తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. చిన్న సంగతి కాదు. అయితే ఆ పరిశోధనలోకి ఎవర్ని తీసుకున్నారో కూడా చదవాలి కదా. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లనే తీసుకున్నారు, అధిక బరువు ఉన్నవాళ్లనే తీసుకున్నారు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లను అసలు తీసుకోలేదు. రెండేళ్లకు ఆ 46 కాస్తా 36కు దిగింది. అంటే కొత్తగా షుగర్ బయటపడ్డ ఒళ్లున్న మనిషికి ఇది నిజంగా బంగారంలాంటి అవకాశం, డాక్టర్లు మొదటి రోజే గట్టిగా చెప్పాల్సిన మాట. పదిహేనేళ్లుగా షుగర్ ఉండి ఎండిపోయి కర్రలా ఉన్న మనిషికి దాన్నే చూపించి ఇన్సులిన్ మానేయమంటే అది ఆ పరిశోధన చెప్పిన మాటే కాదు.

అంతకు ముందు బ్రిటన్‌లోనే యూకేపీడీఎస్ అని టైపు 2 మీద ఇరవై ఏళ్లు సాగిన పెద్ద అధ్యయనం ఉంది. అందులో కొందర్ని డైట్ మీద మాత్రమే ఉంచారు. తొమ్మిదేళ్లకు వాళ్లలో హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉన్నది నూటికి 9 మందికే. ఇన్సులిన్ వాదులు సంబరపడనక్కర్లేదు, ఒక్క ఇన్సులిన్ మీదే ఉంచినవాళ్లలోనూ అది 28 మందే. ఏది తీసుకున్నా ఒక్కదానితో ఏళ్ల తరబడి గడవదు, జబ్బు ముందుకెళ్తూ ఉంటుంది, దాంతోపాటు వైద్యమూ మారాలి. మీ పేపర్లో మాత్రం ఒక ఆదివారం డైట్ గొప్ప, ఇంకో ఆదివారం కొత్తరకం ఇన్సులిన్ గొప్ప, రెండూ ఒకే మనిషికి ఒకేసారి కావచ్చన్న మాట ఎక్కడా కనపడదు.

ఇన్సులిన్ అంటే ఎందుకింత భయమో కౌంటర్ దగ్గర నిలబడి వింటే తెలుస్తుంది. 'అది ఆఖరి స్టేజీ అంట కదా', 'ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా మానడానికి లేదంట', 'మా బావమరిది ఇన్సులిన్ మొదలెట్టాకే కిడ్నీలు పోయాయి'. ఈ చివరిది నేను చాలామంది నోట విన్నాను, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లు చూసింది అదే. పదేళ్లు షుగర్ మూడు వందల్లో తిరుగుతుంటే కిడ్నీలు మెల్లగా దెబ్బతింటాయి, దెబ్బతిన్నాక చాలా మాత్రలు వాడటానికి ఉండదు, అప్పుడు ఇన్సులిన్ ఇస్తారు, ఆర్నెల్లకు డయాలసిస్ అంటారు. చూసేవాళ్లకు ఇన్సులిన్ తర్వాతే కిడ్నీ పోయినట్టు కనిపిస్తుంది. అదే ఇన్సులిన్ పదేళ్ల ముందు మొదలుపెట్టి ఉంటే ఆ కిడ్నీలు ఉండేవేమో. అలవాటైపోతుందన్నది కూడా నిజం కాదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లకు మొదట తిండితోనే చూస్తారు, తగ్గకపోతే ఇన్సులిన్ ఇస్తారు, అది మాయ దాటి బిడ్డకు చేరదు కాబట్టి, కాన్పయ్యాక చాలామందికి ఆపేస్తారు. ఆపరేషన్ల ముందూ తర్వాతా ఇస్తారు, గాయం మానాక ఎంతోమంది మళ్లీ మాత్రల మీదకు వెళ్తారు. 2021లో కొవిడ్ రెండో విడతలో స్టెరాయిడ్లు పడి షుగర్ నాలుగొందలు దాటినవాళ్లకు ఇన్సులినే కాపాడింది, అప్పుడు షుగర్ పట్టించుకోక బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోవడం మీరే రోజూ రాశారు.

డైట్ మొదలుపెట్టేవాళ్లకు ఎవరూ చెప్పని ప్రమాదం ఇంకోటుంది, అది ఇన్సులిన్ మానడానికి సరిగ్గా అటువైపుది. పొద్దున, రాత్రి 30/70 మిక్స్ ఇన్సులిన్ వేసుకునే మనిషి ఏదో వీడియో చూసి రాత్రి అన్నం మానేసి రెండు జామకాయ ముక్కలతో సరిపెడతాడు, డోసు మాత్రం పాతదే వేసుకుంటాడు. రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటలు, వణుకు, గుండె దడ, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. లో షుగర్. 70 కంటే కింద పడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్‌కే కాదు, గ్లిమిపెరైడ్ మాత్ర వేసుకునేవాళ్లకూ ఇంతే. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు, రంజాన్ నెలలో రోజా ఉండేవాళ్లు, మాల వేసుకుని ఒంటిపూట తినేవాళ్లు ముందుగానే డాక్టర్‌ని అడిగి డోసు, వేళలు మార్పించుకోవాలి. ఇక చక్కెరను మూత్రంలోకి పంపేసే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొబ్బరినూనె, వెన్న డైట్ మొదలుపెడితే షుగర్ మరీ ఎక్కువ లేకుండానే కీటోన్లు పెరిగి మనిషి కింద పడొచ్చు, గ్లూకోమీటర్ చూసుకుని అంతా బాగుందనుకుంటూ ఉంటాడు. పేటెంట్ అయిపోయాక ఆ మాత్ర చవకైంది, ఇప్పుడు ప్రతి రెండో చీటీలో ఉంటోంది.

తిండి గురించి రాసేటప్పుడు కూడా కాస్త లెక్క రాయండి. రాగిజావ షుగర్‌కు మందని రాస్తారు. రాగులు మంచివే, పీచు ఉంది, కాల్షియం ఉంది, కానీ వంద గ్రాముల రాగుల్లో డెబ్బై గ్రాములకు అటూఇటూ పిండిపదార్థమే, బియ్యంలో ఎనభైకి దగ్గర. మెత్తటి పిండి చేసి జావ కాస్తే తొందరగా అరిగి షుగర్ వెంటనే ఎక్కుతుంది, అదే రొట్టె చేసి పప్పుతోనో కూరతోనో తింటే నెమ్మదిస్తుంది. చెంబుడు జావ తాగి 'నేను అన్నమే ముట్టను, షుగర్ ఎందుకు తగ్గడం లేదు' అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి? ఈమధ్య ఊరూరా షుగర్ ఫ్రీ బియ్యం బోర్డులు. తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, నిజంగా మంచి బియ్యం, దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత త్వరగా ఎక్కుతుందో చెప్పే అంకె, 51 చుట్టుపక్కల ఉంటుంది, మామూలు సన్నబియ్యం కంటే తక్కువ. తక్కువంటే నెమ్మదిగా ఎక్కుతుందని అర్థం, ఎక్కదని కాదు, రెండింతలు తింటే లాభమంతా పోతుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది మనకు, హైదరాబాద్‌లో కూర్చుని దేశం మొత్తానికి తిండి సూచనలు ఇస్తారు. డైట్ కథనం రాసే ముందు మీ విలేకరి అక్కడికి ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది.

వేసుకునే పద్ధతి గురించి కూడా ఎవరూ రాయరు. మన దగ్గర వయల్ ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. ఇన్సులిన్ పెన్నులో వేసే మందు గొట్టం, అదే కార్ట్రిడ్జ్, మిల్లీలీటర్‌కు 100 యూనిట్లు, ఆ బలం ఇన్సులిన్‌ను సిరంజితో తీయాలంటే నారింజ రంగు మూతది వాడాలి. తారుమారైతే? 40 వయల్‌లోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికెళ్లేది 8 యూనిట్లే, 'ఇన్సులిన్ వేసుకున్నా తగ్గడం లేదు, దండగ' అంటారు. పెన్ను విరిగిందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర సిరంజితో 20 లాగితే 50 యూనిట్లు పడుతుంది, అది ప్రాణం మీదకొస్తుంది. రోజూ ఒకే చోట గుచ్చుకుంటే అక్కడ గడ్డలా కట్టి మందు సరిగా ఎక్కదు. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించినది పారేయాల్సిందే. ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్లు పోసిన మట్టికుండలో చిన్న డబ్బాలో మూతపెట్టి ఉంచుకోవచ్చు. ఇన్సులిన్ పనిచేయలేదని డైట్ శిబిరాలకు వెళ్లేవాళ్లలో కొందరికి అసలు ఇన్సులిన్ సరిగా ఒంట్లోకే పడలేదు.

తప్పు శిబిరాల వాళ్లదే అని కూడా అనలేను. ఇన్సులిన్ రాసిన చీటీ పట్టుకొచ్చినవాళ్లను 'ఎలా వేసుకోవాలో చెప్పారా' అనడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. 'అన్నం తగ్గించు' అనే రెండు మాటలే వాళ్లకు అందిన డైట్ సలహా. ఎంత తగ్గించాలి, దాని బదులు ఏం తినాలి, పొద్దున నాలుగింటికి చేపల చెరువు మీద పనికెళ్లేవాడు ఎప్పుడు తినాలి, ఎవరూ చెప్పరు. సన్నగా ఉండి మాత్రలకు లొంగని నలభై ఏళ్ల మనిషికి సీ పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ పరీక్షలు చేయిస్తే అతనిది నెమ్మదిగా వచ్చే టైపు 1 అని తేలొచ్చు, ఆ పరీక్షలు రాసేవాళ్లు తక్కువ. గ్లూకోమీటర్ స్ట్రిప్పు ఒక్కోటి ఇరవై రూపాయల చుట్టుపక్కల, రోజుకూలీ ఎన్నిసార్లు చూసుకుంటాడు? రోగికి చెప్పేవాళ్లు లేని చోటికి గంటసేపు ఓపిగ్గా, తెలుగులో, ప్రేమగా మాట్లాడే డైట్ గురువు వస్తాడు. జనం ఆయన మాట వినడంలో ఆశ్చర్యమేముంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లు దాటారు, షుగర్ అంచున ఉన్నవాళ్లు ఇంకో పదమూడున్నర కోట్లు. ఇంతమందికి తిండి గురించి చెప్పే మనిషి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎందుకు లేడని మీరు అడగాలి, అది మీరే అడగగలరు.

ఇక మీ ప్రకటనల సంగతి. 'షుగర్ శాశ్వతంగా మాయం, ఇన్సులిన్ బంద్, నలభై రోజుల కోర్సు' అని ఒక ఫోన్ నంబరుతో మీ జిల్లా పేజీల్లో పడుతూనే ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో డయాబెటిస్ పేరు స్పష్టంగా ఉంది. ఆ ప్రకటన ఇచ్చినవాడికే కాదు, దాన్ని ప్రచురించడంలో పాలుపంచుకున్న ఎవరికైనా ఆ నిషేధం వర్తిస్తుంది, మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. 2024లో ఒక పెద్ద ఆయుర్వేద కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రకటనల మీద ఎంత గట్టిగా మాట్లాడిందో, ఆ కంపెనీ పత్రికల్లో క్షమాపణ ఎలా వేయాల్సి వచ్చిందో మీరే మొదటి పేజీలో రాశారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. షుగర్ తగ్గించుకున్నవాళ్ల కథలు వేయండి, వాటిని చూసి చాలామందికి ధైర్యం వస్తుంది. వేసిన ప్రతిసారీ ఆ మనిషిది ఏ టైపు, ఎన్నేళ్ల జబ్బు, బరువెంత తగ్గారు, ఇన్సులిన్ ఎవరి సలహాతో ఎన్నాళ్లలో తగ్గింది, ఇప్పుడు మూడు నెలల సగటు ఎంత, ఇవి తప్పకుండా రాయండి, రాయలేకపోతే ఆ కథ ఆపండి. పక్కనే చిన్న బాక్సులో టైపు 1 వాళ్లు, గర్భిణులు, పుండ్లు ఉన్నవాళ్లు సొంతంగా ఇన్సులిన్ మానకూడదని, వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని వేయండి. మొన్నటి రైతు గారి వివరాలు కనుక్కుని వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో మిగతా సగం కథ రాయండి. ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా ఒక కాపీ మీ ప్రకటనల విభాగానికి పంపించండి.

ఇట్లు,
మందుల షాపు నడుపుకునే మీ పాఠకుడు,
తణుకు